ఒరిజినల్ ఇంట, జిరాక్స్ వెంట

పదహారేళ్ల ఉద్యోగంలో నేను సొంతంగా రాసింది ఒకే ఒక్క పేజీ. ఆ పేజీ పుణ్యమా అని ఒక పెద్దమనిషిని యూనిఫాం వేసుకున్నవాళ్లు బస్సులోంచి దింపి తీసుకెళ్లారు. ఈ ట్రావెల్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, ‘ఆంటీ, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి’ అని అడుగుతున్నారు. మంచి అనుభవాలు ఎవరైనా చెబుతారు. నేను ఇది చెబుతాను.

మా ఆఫీసు అమెరికాలో, న్యూజెర్సీ ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక మిఠాయి దుకాణం పైన ఉండేది. మెట్లెక్కుతుంటే నేతి వాసన, ఎక్కాక ఫోన్ల మోత. ఇండియా నుంచి పిల్లల దగ్గరికొచ్చిన మనవాళ్లను శని, ఆదివారాల్లో బస్సెక్కించి నయాగరా, వాషింగ్టన్ చూపించి తీసుకురావడం మా వ్యాపారం. సీట్లు బుక్ చేసేదాన్నీ నేనే, ఇడ్లీ పొట్లాలు లెక్కపెట్టేదాన్నీ నేనే, బస్సులో మైకు పట్టుకునేదాన్నీ నేనే. మా ఓనర్ గారు మాత్రం కుర్చీలో కూర్చుని కంగారు పడేవారు. అదీ ఒక పనే.

బస్సెక్కే ప్రతివారికీ నాలుగు రోజుల ముందే ఒక కాగితం ఇచ్చేవాళ్లం. పైన ‘ప్రయాణికులకు సూచనలు’ అని ఉండేది. అందులో ప్రతి వాక్యం వెనకా ఒక గొడవ ఉంది. ‘హోటల్‌లో షవర్ కింద నిలబడేటప్పుడు కర్టెన్ అంచు టబ్ లోపలికి వేసుకోవాలి’ అని రాయకముందు ఒక పెద్దావిడ స్నానానికి కింది గదివాళ్ల మంచం తడిసింది. ‘గదిలో అగరొత్తి వెలిగించరాదు’ అని రాయకముందు ఒకాయన పూజకి అలారం మోగి హోటల్ మొత్తం లుంగీలతో, నైటీలతో రోడ్డు మీద నిలబడింది. ఇండియా రైస్ కుక్కర్ ఇక్కడి కరెంటుకి పనిచేయదనీ, మందులు డాక్టర్ చీటీతో సహా ఉంచుకోవాలనీ, నయాగరాలో వంతెన అవతల కెనడా కాబట్టి ఆ వీసా లేనివాళ్లు వంతెన జోలికి పోవద్దనీ, ఇట్లా ఓ పాతిక సూచనలు.

అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉండేది చివరిది: ‘ఒరిజినల్ ఇంట, జిరాక్స్ వెంట’.

అది పాస్‌పోర్టుల గురించి. అంతకుముందు వేసవిలో మా బస్సులో వచ్చిన ఒకావిడ న్యూయార్క్‌లో లిబర్టీ విగ్రహానికెళ్లే పడవ కోసం క్యూలో నిలబడి, హ్యాండ్‌బ్యాగుతో పాటు పాస్‌పోర్టు పోగొట్టుకుంది. పోలీసులు, కాన్సులేటు, ఫోటోలు, ఫారాలు. ఆవిడ వెనక్కి వెళ్లే టికెట్ రెండుసార్లు మార్చుకోవాల్సొచ్చింది. ఆవిడ ఏడ్చింది సరే, మా ఓనర్ గారు కూడా ఏడ్చినంత పని చేశారు. ‘ఏదో ఒకటి రాయమ్మా ఆ కాగితంలో’ అన్నారు. పది నిమిషాల్లో రాశాను. ప్రాస కుదిరిందని మురిసిపోయాను. మనకి చిన్నప్పటి నుంచీ అలవాటే కదా, అసలు సర్టిఫికెట్ బీరువాలో, జిరాక్స్ చేతిలో. ఈ దేశంలో చట్టం ఏం చెబుతుందని నేను ఒక్క మనిషిని అడగలేదు.

అది 2009 ప్రాంతం, జూలై నెల. శనివారం పొద్దున ఆరింటికి నయాగరా బస్సు బయల్దేరింది. ముప్పై నాలుగు మంది ప్రయాణికులు, అందరూ విజిటర్లే. ముందు సీట్లో ఒక హెడ్మాస్టారు, ఆయన భార్య. ఎడిసన్‌లో కూతురింటికి వేసవికి వచ్చారు. ఆయన సన్నగా, పొడుగు చేతుల చొక్కాతో, గుండీలన్నీ పెట్టుకుని ఉన్నారు. జేబులో రెండు పెన్నులు. గుంటూరు వైపు ఏదో ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరై ఆరేళ్లయిందట.

‘ముప్పయ్యేళ్లు బోర్డు మీద గీశానమ్మా నయాగరాని,’ అన్నారు ఎక్కగానే. ‘సుద్దముక్కతో రెండు గీతలు కిందికి లాగేవాణ్ణి, అదే నయాగరా. పిల్లలు దానికే నోరు తెరిచేవాళ్లు. అసలుది ఎట్టా ఉంటదో చూద్దామని.’

అమెరికాలో ఇంకేం చూడకపోయినా ఫర్వాలేదుట. కూతురితో ఆ ఒక్కటే అడిగారట.

బస్సు హైవే ఎక్కాక అందరి జిరాక్సులూ ఉన్నాయో లేదో చూడమని మైకులో చెప్పాను. మాస్టారు పక్క సీటు వాళ్ల కాగితం అందుకుని చూశారు. వెనక సీటు వాళ్లదీ చూశారు. ఆయన మొహం మారిపోయింది.

‘ఏమ్మా, ఇవేంది, ఒట్టి జిరాక్సులు? అటెస్టేషన్ లేదేంది వీటికి?’

నేను నవ్వాను. ‘ఇక్కడ అవన్నీ అక్కర్లేదండీ.’

‘అక్కర్లేకపోవడమేంది? సంతకం లేని జిరాక్స్ చిత్తు కాగితంతో సమానం. దాన్ని ఎవడు నమ్ముతాడు?’

భార్య చేతిలోని సంచి తీసుకుని అందులోంచి ఒక చిన్న పెట్టె తీశారు. ముద్ర, ఇంకు ప్యాడు. జేబులోంచి ఆకుపచ్చ పెన్ను. నేను నోరెళ్లబెట్టాను. ఊరు దాటి, సముద్రం దాటి, ఆ మనిషి తన రబ్బరు ముద్రని అమెరికా తెచ్చుకున్నాడు! ‘రిటైరైనా పిల్లలు వస్తూనే ఉంటారమ్మా మార్కుల లిస్టులు పట్టుకుని. కాదనలేను,’ అన్నారు నా మొహం చూసి.

వెనక నుంచి వరంగల్‌కి చెందిన ఒక రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్ కేకేశారు. ‘అమెరికాల గూడ గెజిటెడ్ ఆఫీసర్ దొరికిండు! నాది గూడ గొట్టుండ్రి మాస్టారూ!’ ఇంకేముంది, బస్సు మధ్యలో వరస కట్టారు. డ్రైవర్ అద్దంలోంచి చూసి, బండి నడుస్తుంటే ఎవరూ నిలబడకూడదని నా మీద చిరాకు పడ్డాడు.

మాస్టారు మాత్రం పెన్ను మూత తీయకుండా నా వైపు తిరిగారు. ‘ఒరిజినల్ చూడకుండా నేను సంతకం పెట్టనమ్మా. సర్వీసులో ఒక్కసారి కూడా పెట్టలేదు. పైనుంచి ఫోన్లు చేయించినా పెట్టలేదు. వీళ్ల ఒరిజినల్స్ ఎవరన్నా చూశారా?’

ఒక చెవి దగ్గర హోటల్ వాళ్ల ఫోను, ఇంకో పక్క డ్రైవర్ గొణుగుడు. వీళ్లంతా కూర్చుంటే చాలు అనిపించింది.

‘అందరివీ నేను చూశాకే సీట్లు ఇచ్చానండీ. మీరు నిశ్చింతగా పెట్టండి.’

నేను ఒక్కరి పాస్‌పోర్టు కూడా చూడలేదు. పేర్ల జాబితా తప్ప నా దగ్గర ఏమీ లేదు. కానీ ఎంత సులువుగా వచ్చింది ఆ మాట! ఆయన తల ఊపి పని మొదలుపెట్టారు. ‘ట్రూ కాపీ’ అని ముద్ర, కింద తన పేరు, హోదా, స్కూలు పేరు, ఆకుపచ్చ సంతకం, ఆ రోజు తేదీ. ముప్పై నాలుగు కాగితాలు. బస్సు కుదుపులకి సంతకం వంకర పోతుందని, రోడ్డు చదునుగా ఉన్నప్పుడే పెన్ను ఆనించేవారు.

నయాగరా ఇంకో గంట ప్రయాణం ఉందనగా కాఫీ కోసం ఆగాం. అందరూ మళ్లీ ఎక్కి కూర్చున్నారు. అప్పుడు బస్సులోకి ఇద్దరు సరిహద్దు గస్తీ ఆఫీసర్లు వచ్చారు. ఒకావిడ నెరిసిన జుట్టుతో, ఒకతను పొడుగ్గా. కెనడా సరిహద్దు దగ్గర కాబట్టి అక్కడ బస్సులు ఆపి కాగితాలు చూడటం ఉంటుందట. ‘ఉంటుందట’ అని ఇప్పుడు రాస్తున్నాను. అంతకుముందు ఎన్నోసార్లు ఆ దారిన వెళ్లాను, నన్నెవరూ ఆపలేదు. కాబట్టి అసలు అలాంటి తనిఖీయే లేదనుకున్నాను.

మొదట నన్నే అడిగారు. నా గ్రీన్ కార్డు అప్పటికి ఇంకా పెండింగ్‌లో ఉంది. వర్క్ పర్మిట్ కార్డు ఎప్పుడూ దగ్గరుంచుకోమని లాయర్ చెప్పాడు. హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, ప్లాస్టిక్ కవర్లోంచి కార్డు తీసి ఇచ్చాను. ఒరిజినల్.

ఆ కార్డు ఆవిడ చేతికి అందిస్తుండగా నాకు తెలిసింది. ముప్పై నాలుగు మందికి ఒరిజినల్ ఇంట్లో పెట్టి రమ్మన్నది నేను. నా ఒరిజినల్ మాత్రం నా ఒంటిని ఎప్పుడూ వదల్లేదు. ఆ రెండూ ఒకే తలకాయలో అన్ని నెలలు పక్కపక్కన ఎట్లా కూర్చున్నాయో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

‘గుడ్,’ అంది ఆవిడ, కార్డు తిరిగిచ్చి. తర్వాత బస్సు వైపు తిరిగి, పాస్‌పోర్టులు చూపించమంది.

ముప్పై నాలుగు చేతులు లేచాయి, జవాబు తెలిసిన పిల్లల్లాగా. ప్రతి చేతిలోనూ ఒక జిరాక్స్. ఒక్క పాస్‌పోర్టు లేదు.

ఆవిడ మొదటి కాగితం చూసింది. రెండోది చూసింది. రెండిటినీ పక్కపక్కన పట్టుకుంది. మూడోది, నాలుగోది తీసుకుంది. అన్నిటి మీదా అదే ముద్ర, అదే సంతకం, ఆ రోజు తేదీ.

‘ఈ సీల్ ఎవరిది?’ అంది.

మాస్టారు లేచి నిలబడ్డారు. ‘మైన్, మేడమ్.’

‘మీరు ప్రభుత్వ అధికారా?’

‘గెజిటెడ్ హెడ్మాస్టర్, మేడమ్.’ ఒక క్షణం ఆగి, ‘రిటైర్డ్,’ అన్నారు.

‘ఇవి ఎక్కడ చేశారు?’

‘ఇన్ దిస్ బస్, మేడమ్. టుడే మార్నింగ్.’

పొడుగాయన చేయి నడుముకున్న తుపాకీ దగ్గరికి పోయింది. ఒక కదిలే బస్సులో, విదేశీ ప్రభుత్వం ముద్రతో, ముప్పై నాలుగు పాస్‌పోర్టు కాపీలు తయారయ్యాయి. వాళ్ల వైపు నుంచి చూస్తే అది దొంగ కాగితాల తయారీ అని నాకు అప్పుడే వెలిగింది.

‘ఇవి నిజమైన కాపీలని సంతకం పెట్టారు. ఒరిజినల్స్ చూశారా?’

మాస్టారు మెల్లగా తల తిప్పి నా వైపు చూశారు. కోపంగా కాదు. క్లాసులో ఎవరో చెబుతారని ఎదురుచూసే చూపు అది. నేను చెప్పాల్సింది ఒక్క వాక్యం. నా గ్రీన్ కార్డు, నా ఉద్యోగం, ఇంట్లో మా ఆయన, ఎదురుగా యూనిఫాం. నేను పేర్ల జాబితాలోకి తల దించుకున్నాను.

‘నో, మేడమ్,’ అన్నారాయన. ‘ఇట్ ఈజ్ మై మిస్టేక్.’

ఆ తర్వాత రెండు గంటలు బస్సు కదల్లేదు. ఒక్కొక్కరి పేరూ, పుట్టిన తేదీ రేడియోలో చెప్పి సరిచూసుకున్నారు. వివరాలు కుదిరి మిగతావాళ్లంతా బయటపడ్డారు. మాస్టార్ని మాత్రం వాళ్ల బండిలో ఎక్కించుకున్నారు, ముద్ర పెట్టె ఒక కవర్లో వేసుకున్నారు. ఆ ముద్ర దొంగదని తేలితే ఆయన వీసా రద్దవుతుందని, వెనక్కి పంపించేస్తారని, మళ్లీ ఈ దేశానికి రావడం కష్టమని ఆవిడ నాతో చెప్పింది. ఆయన బండి ఎక్కుతూ మెడ దగ్గర గుండీ ఇంకోసారి సర్దుకున్నారు.

బస్సులో గుసగుసలు మొదలయ్యాయి. ‘ఎవరడిగారండీ ఆయన్ని ముద్రలు వేయమని?’ ‘ఆ పెద్దాయన అతి తెలివి వల్ల కాదూ ఇదంతా?’ పొద్దున వరసలో నిలబడి వేయించుకున్నవాళ్లే. బ్యాంక్ మేనేజర్ గారొక్కరే నన్ను అడిగారు. ‘మేడమ్, మీ కాగితంల పాస్‌పోర్టు తేవొద్దని రాసిండ్రు గద?’ నేను వినపడనట్టు ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

వాళ్ల ఆఫీసు దారిలోనే ఉంది. నన్నూ, మాస్టారి భార్యనూ అక్కడ దింపి బస్సు నయాగరాకి వెళ్లిపోయింది. మిగతావాళ్లను చూసుకోమని మేనేజర్ గారికి అప్పజెప్పాను.

ప్లాస్టిక్ కుర్చీల గది. ఎదురుగా మూసిన తలుపు. ఆవిడ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని తలుపు వైపే చూస్తోంది. అట్లాగే చూస్తూ అడిగింది.

‘అమ్మాయ్, లోపల ఆయన్ని కూర్చోనిచ్చారంటావా, నిలబెట్టారంటావా?’

నేను ఫోన్ బయటికి తీశాను.

ఎడిసన్‌లో ఉన్న వాళ్ల కూతురికి చేశాను. పాస్‌పోర్టు పేజీలు వెంటనే ఫ్యాక్స్ చేయాలి అన్నాను. ఆఫీసరమ్మ ఫ్యాక్స్ నంబరు చెప్పడానికి నా పక్కనే నిలబడి ఉంది. అవతల అమ్మాయి అరిచింది. ఆ అరుపు గదంతా వినపడింది.

‘మా నాన్న పాస్‌పోర్టు బ్యాగ్‌లో పెట్టుకున్నారండీ! మీ పేపర్ చూపించి నేనే తీసి లోపల పెట్టాను! మీరే కదా తీసుకెళ్లొద్దు అన్నారు! వాళ్లకి చెప్పండి అది! మీరే చెప్పారని చెప్పండి!’

ఆఫీసరమ్మకి తెలుగు రాదు కదా. ‘ఏమంటోంది?’ అని అడిగింది నన్ను.

‘ఫ్యాక్స్ పంపిస్తానంటోంది,’ అన్నాను.

ఆ రోజు నేను చేసిన తప్పుల్లో అన్నిటికంటే చిన్న వాక్యం ఇది. అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేది కూడా దీనికే. పక్కన కూర్చున్న మాస్టారి భార్య కూతురి మాట విన్నది, నా ఇంగ్లీషూ విన్నది. పదో తరగతి దాకా చదువుకున్న మనిషి, ఆ పాటి ఇంగ్లీషు అర్థం కాకపోదు. డబ్బా మూత తీసి, కాగితం ప్లేటులో పులిహోర పెట్టి నా ముందుకి జరిపింది. ‘పొద్దుట్నించీ ఏం తినలేదు నువ్వు,’ అంది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం అయిదు దాటాక తలుపు తెరుచుకుంది. ఎయిర్‌పోర్టులో ఇచ్చిన వేలిముద్రలూ, ఫ్యాక్స్‌లో వచ్చిన పేజీలూ సరిపోయాయి. రిటైరైన పెద్దాయన అమాయకంగా చేసిన పని అని వాళ్లకి నమ్మకం కుదిరింది. వీసాకి ఏమీ కాలేదు. ముద్ర మాత్రం ఇవ్వలేదు. ‘ఒరిజినల్ ఎప్పుడూ దగ్గరుండాలి, అది ఇక్కడి చట్టం’ అని ఆవిడ నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. మాస్టారు శ్రద్ధగా విని, ‘థాంక్యూ, మేడమ్’ అన్నారు. ఆవిడ చెప్పాల్సింది నాకు.

భార్య దగ్గరికొచ్చి, ‘కుర్చీ ఇచ్చార్లే,’ అన్నారు. గోడ అవతల నుంచి ఆవిడ ప్రశ్న ఆయనకి ఎట్లా తెలిసిందో!

నయాగరాకి ట్యాక్సీ ఎక్కాం. ఇది చదువుతున్న పిల్లలూ, మధ్యలో మీకు ఒక మాట. సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్లి ఆ పేజీ మొత్తం తిరగరాశాను. ప్రతి సూచనా చట్టం తెలిసినవాళ్లతో చదివించాను. చివరి వాక్యం ‘ఒరిజినల్ వెంట, జిరాక్స్ ఇంట’ అయింది. ప్రాస అప్పుడూ కుదిరింది, అందుకే ప్రాసని నమ్మకండి. మీరిప్పుడు ఫోన్లో నాలుగు చోట్ల చూసి, అతికించి, రంగులు వేసి గ్రూపుల్లో పెడుతున్నారు. చదివేవాళ్లకి మీ మొహం తెలియదు, మీరు చూశారో లేదో తెలియదు. చూసే రాశారని అనుకుంటారు. బట్టలు సర్దుకునేటప్పుడు మీ మాట ప్రకారం ఒక వస్తువు తీసి పక్కన పెడతారు. అంతే, వాళ్ల ప్రయాణం మీ చేతుల్లోకి వచ్చేస్తుంది.

ఆ సాయంత్రం మేం నయాగరా చేరేసరికి ఇంకా ఎండ ఉంది. మా వాళ్లంతా రెయిలింగ్ దగ్గర ఫోటోలు దిగుతున్నారు. మమ్మల్ని చూసి కొందరు పలకరించారు, కొందరు మొహం తిప్పుకున్నారు. ఎవరో గట్టిగానే అన్నారు, ‘జలపాతం దగ్గరికెళ్లే పడవ టైము పోయింది, అంతా ఆయన స్టాంపు దయ’ అని. నలుగురు నవ్వారు. మాస్టారు తల దించుకుని వాళ్ల మధ్య నుంచి రెయిలింగ్ దాకా నడిచారు. అక్కడ తల ఎత్తారు.

నీటి తుంపర కళ్లద్దాల మీద పడుతున్నా తుడుచుకోలేదు. ‘రెండు గీతలు ఏ మూలకీ చాలవు,’ అన్నారు, తనలో తనే అనుకున్నట్టు.

నేను పక్కకి వెళ్లి నిలబడ్డాను. ట్యాక్సీలో మనసులో కూర్చుకున్నదంతా మర్చిపోయాను. ఆయనకి మాత్రమే వినపడేట్టు, చిన్నగా అన్నాను.

‘మాస్టారూ, తప్పు నాదండీ.’

ఆయన చెవి దగ్గర చేయి పెట్టుకున్నారు. ‘ఏందమ్మా?’

జలపాతం హోరు అట్లాంటిది మరి. కొంచెం గట్టిగా అన్నాను. ‘తప్పు నాది! నేను అబద్ధం చెప్పాను!’

దగ్గరున్న ఇద్దరు ఇటు తిరిగారు. మాస్టారు ఇంకా వంగి, ‘ఆఁ? వినపళ్లేదు!’ అన్నారు.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గొంతు చించుకుని అరిచాను. ‘ఎవరి పాస్‌పోర్టూ నేను చూడలేదండీ! చూశానని మీతో అబద్ధం చెప్పాను! నా మాట నమ్మే మీరు ముద్ర వేశారు! ఒరిజినల్స్ తేవొద్దని రాసింది కూడా నేనే! పొద్దున వాళ్ల ముందు నోరు విప్పలేదు!’

ఫోటోలు ఆగిపోయాయి. మొత్తం బస్సు నా వైపు చూస్తోంది. పడవ గురించి అన్నాయన రెయిలింగ్ వైపు తిరిగిపోయాడు. మాస్టారి భార్య కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

మాస్టారు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తీరిగ్గా తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

‘మొదటిసారే వినపడిందమ్మాయ్,’ అన్నారు. ‘వెనక బెంచీ దాకా వినపడాలి గదా.’